ముప్పై ఆరింట ఒక్కటి

1981లో టామ్ మోల్డ్‌వే కూర్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ పుస్తకం అంతా కలిపి 64 పేజీలు. అందులో ఐదే ఐదు వరుసల పట్టిక ఒకటుంది. నేలమాళిగలో మీ బృందానికి ఏదో ప్రాణి ఎదురుపడింది, అదేం చేస్తుందో ముందే రాసిపెట్టి లేదు. అప్పుడు ఆట నడిపే డంజన్ మాస్టర్ మామూలు పాచికలు రెండు వేసి ఆ పట్టిక చూడాలి. రెండు పడితే ఆ ప్రాణి వెంటనే మీదికొస్తుంది. మూడు నుంచి ఐదు దాకా అయితే రావచ్చు, రాకపోవచ్చు. ఆరు నుంచి ఎనిమిది దాకా అయితే ఏం చెయ్యాలో తోచక చూస్తూ నిలబడుతుంది. తొమ్మిది, పది, పదకొండు అయితే దాడి మాటే లేదు: దాని దారిన అది పోతుంది, లేదంటే మీరేమిస్తారో వింటుంది. పన్నెండు పడితే స్నేహమే.

లెక్క కట్టి చూడండి. రెండు పాచికలు ముప్పై ఆరు రకాలుగా పడతాయి. వాటిలో మొత్తం రెండు వచ్చేది ఒక్క రకమే. అంటే చీకట్లో ఎదురైన ప్రాణి, గాబ్లిన్ అనుకుందాం, మాటా మంతీ లేకుండా మీద పడే అవకాశం ముప్పై ఆరింట ఒక్కటి. ‘రావచ్చు, రాకపోవచ్చు’ అన్న తొమ్మిదినీ కలిపినా పదే. మిగిలిన ఇరవై ఆరు సార్లు అక్కడ జరగాల్సింది పోట్లాట కాదు. బేరమో, బెదిరింపో, బతిమాలుకోవడమో, దారి అడగడమో, పచ్చి అబద్ధమో, ఇంకేదో. ఆ పట్టిక రాసినవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. ఇవాళ చాలా టేబుళ్ల దగ్గర గాబ్లిన్ కనబడ్డ మరుక్షణం వినబడే మాట ఒకటే: “ఇనిషియేటివ్ వెయ్యండి.” ఎవరు ముందు కొట్టాలో తేల్చుకోండని దాని అర్థం. ఆ మాటతో ఇరవై ఆరు కథలు పుట్టకుండానే పోతాయి. నా బాధ వాటి గురించే.

ఈ ఆట పేరు ‘స్ట్రేంజర్ థింగ్స్’ చూసినవాళ్లకీ, 2023లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’ కంప్యూటర్ గేమ్ ఆడినవాళ్లకీ తెలుసు. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నలుగురైదుగురు టేబుల్ చుట్టూ చేరతారు. ఒకరు డంజన్ మాస్టర్, ఆ లోకాన్ని నడిపేది ఆయనే లేదా ఆవిడే. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. ‘నేనిలా చేస్తాను’ అని నోటితో చెబుతారు. ఫలితం అనుమానమైతే పాచికలు తేలుస్తాయి. పాచికలకి ఏది వదలాలి, మాటలకి ఏది వదలాలి, దేనికెంత వెల కట్టాలి అన్నది రూల్స్ పుస్తకం చెబుతుంది. పుస్తకం దేన్ని పట్టించుకుంటే ఆటగాళ్లు దాన్నే పట్టించుకుంటారు. అందుకే యుద్ధానికి సంబంధించని రూల్స్‌ని పక్కన పడెయ్యడం చిన్న విషయం కాదంటున్నాను.

‘ఇది పుట్టుకతోనే యుద్ధాల ఆట కదా’ అనేవాళ్లున్నారు. సగమే నిజం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన మొదటి పెట్టె బొమ్మ సైనికులతో ఆడే యుద్ధ క్రీడల్లోంచే వచ్చింది. కానీ ఆడాలంటే ఏమేం దగ్గర పెట్టుకోవాలో అందులో ఒక జాబితా ఇచ్చారు. ‘చెయిన్‌మెయిల్’ ఉంది, అది యుద్ధానికి. ‘అవుట్‌డోర్ సర్వైవల్’ కూడా ఉంది. అది అవలాన్ హిల్ కంపెనీ అమ్మిన వేరే ఆట. అడవిలో దారి తప్పి ఆకలికీ దాహానికీ చిక్కిన మనిషి ఎలా బయటపడాలన్నది దాని విషయం. దాని పటం మీదే తొలినాటి ఆటగాళ్లు తమ కొండలూ అడవులూ పరుచుకున్నారు. కొట్టుకోవడానికి ఒక ఆట, దారి తప్పడానికి ఒక ఆట, రెండూ మొదటి రోజు నుంచీ పక్కపక్కనే ఉన్నాయి. మొదటిదాన్ని వారసత్వం అని చెప్పుకుంటున్నాం. రెండోదాని పేరు కూడా ఎవరూ తలుచుకోరు.

కాగడా సంగతే తీసుకోండి. మోల్డ్‌వే పుస్తకంలో నేలమాళిగలో గడిచే కాలాన్ని పది నిమిషాల ‘టర్న్’లలో కొలుస్తారు. కాగడా ఆరు టర్న్‌లు వెలుగుతుంది, నూనె పోసిన లాంతరు ఇరవై నాలుగు. గోడ తడిమి రహస్య ద్వారం వెతకాలంటే ఒక టర్న్ పోతుంది. ఆరింటికి ఒక టర్న్ కూర్చుని అలుపు తీర్చుకోవాలి. రెండు టర్న్‌లకొకసారి డంజన్ మాస్టర్ పాచిక వేస్తారు. ఒకటి పడితే అటుగా తిరుగుతున్నదేదో మీవైపు వస్తున్నట్టు. వీటన్నిటినీ కలిపి చదివితే గానీ వీటి గొప్పతనం తెలియదు. ‘ఈ గోడ వెతుకుదామా?’ అన్న ప్రశ్నకి ఇప్పుడు వెల ఉంది. కాగడాలో ఆరో వంతు కాలిపోతుంది, ఆ తిరిగే ప్రాణి ఇంకొంచెం దగ్గరవుతుంది. దీనికి తోడు బరువు. దాన్ని నాణేల్లో కొలుస్తారు. నాలుగు వందల నాణేల బరువు దాటితే నడక మందగిస్తుంది, అంటే దేనికోసం దిగారో ఆ నిధే కాళ్లకి అడ్డం పడుతుంది. సంచీ ఇక్కడే వదిలేద్దామా? బయటపడేదాకా వెలుగు సరిపోతుందా? ఈ రెండు ప్రశ్నల మీద నలుగురు ఆటగాళ్లు చాలాసేపు తర్జనభర్జన పడటం నేను చూశాను. ఒక్క కత్తీ బయటికి రాలేదు. ఒక్కరూ ఫోన్ వైపు చూడలేదు.

ఇప్పటి ఆటలో ‘లైట్’ అనే చిన్న మంత్రం ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. చాలా జాతులకి చీకట్లో చూపు పుట్టుకతోనే ఉంటుంది. బరువు లెక్క వేసేవాళ్లు కనబడరు. చీకటి లేదు, దూరం లేదు, అలసట లేదు. అవి తీసేశాక నేలమాళిగలో మిగిలేది గదులూ, గదుల్లో చంపాల్సినవాళ్లూ.

ఇంతకీ ఆ కాగడా ఎవరు పట్టుకోవాలి? కాగడా పట్టిన చేత్తో డాలు పట్టలేరు. అందుకని ఊళ్లో మనుషుల్ని కుదుర్చుకోవాలి. ఎంతమంది వస్తారు, కష్టం వస్తే నిలబడతారా అన్నది కుదుర్చుకున్నవాడి కరిస్మాని, అంటే మనుషుల్ని ఆకట్టుకునే శక్తికి ఇచ్చిన అంకెని బట్టి ఉంటుంది. 18 ఉన్నవాడి వెంట ఏడుగురి దాకా వస్తారు, వాళ్ల ధైర్యం పది. 3 ఉన్నవాడి వెంట వచ్చేది ఒక్కడే, వాడి ధైర్యం నాలుగు. రెండు పాచికల మొత్తం ఆ అంకె దాటితే మనిషి జారుకుంటాడు. బంటు పేరేమిటి, వాడి ఊరేది, వాడికి జీతం ఎంత, వాడు దేనికి భయపడతాడు, ఇవన్నీ కథలోకి వచ్చేది ఈ చిన్న లెక్క వల్లే. శత్రువులకీ ఇదే లెక్క. గాబ్లిన్ల ధైర్యం ఏడు. వాళ్లలో మొదటివాడు చచ్చినప్పుడు ఒకసారి, సగం మంది కూలాక ఇంకోసారి పాచికలు వేసి చూడాలి. ఏడు దాటితే పారిపోతారు, లేదా లొంగిపోతారు. లొంగిపోయినవాణ్ని ఏం చెయ్యాలి? కట్టేసి వెంట తీసుకుపోవాలా, వదిలేస్తే పోయి తనవాళ్లని పిలుచుకొస్తాడా? ఏ పోరాటమూ ఆటగాళ్లని ఇంత కష్టమైన ప్రశ్న అడగదు. ఇప్పుడు గాబ్లిన్లు ఆఖరివాడి దాకా నిలబడి చస్తున్నారు. ప్రాణం మీద తీపి ఉన్న ఏ జీవి అలా చస్తుంది?

వెల కట్టడం అన్నాను. ఆ 1981 పుస్తకంలోనే గాబ్లిన్‌ని చంపితే బృందమంతటికీ వచ్చేది ఐదు అనుభవ పాయింట్లు. బయటికి తెచ్చుకున్న ప్రతి బంగారు నాణేనికీ ఒక పాయింటు. ఫైటర్ రెండో లెవెల్‌కి ఎక్కాలంటే రెండు వేలు కావాలి. చంపుకుంటూ పోతే నాలుగు వందల గాబ్లిన్లు, అదీ పాయింట్లన్నీ ఒక్కడే తీసుకుంటే. ఈ లెక్క చూసిన తెలివైన ఆటగాడు చడీచప్పుడూ లేకుండా గాబ్లిన్ల పక్కనుంచి జారుకుని నిధి దగ్గరికి పోవాలనుకుంటాడు. ఆ రూల్ నీతులు చెప్పలేదు, యుద్ధం గిట్టుబాటు కాదని మాత్రం తేల్చేసింది. 1989లో రెండో ఎడిషన్ వచ్చేసరికి బంగారానికి పాయింట్లన్నది ఐచ్ఛికమైపోయింది. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో గాబ్లిన్‌కి యాభై పాయింట్లు, రెండో లెవెల్‌కి మూడు వందలు. అదే లెక్కన ఆరుగురు గాబ్లిన్లు చాలు. పోరాటం లేకుండా గట్టెక్కినా పాయింట్లివ్వవచ్చని ఆ ఎడిషన్ కూడా చెబుతుంది, కాదనను. కానీ ప్రతి రాక్షసి వివరంలోనూ అంకె అచ్చయి ఉంది, కుదిరిన ఒప్పందానికి అంకె లేదు. అది మీ ఇష్టం అని వదిలేశారు. దేనికి అంకె ఉందో దానికే విలువ ఉందని పదేళ్ల పిల్లలకీ అర్థమవుతుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ నొప్పించే వాదన వేరే ఉంది. “మాట్లాడటానికి రూల్స్ ఎందుకండీ, పాత్రలో లీనమై మాట్లాడితే సరిపోదా?” వినడానికి ఎంతో ఉదారంగా ఉంటుంది. కత్తి పట్టడం రాని మనిషి యోధుడిగా ఆడవచ్చు, లేచి నిలబడి కత్తి తిప్పి చూపించమని అతన్ని ఎవరూ అడగరు. మరి నలుగురిలో నోరు విప్పడానికి మొహమాటపడే అమ్మాయి, రాజుల్ని మాటలతో మెప్పించే గాయనిగా ఆడదామని వస్తే, ఆమెని మాత్రం నిలబెట్టి ఉపన్యాసం ఎందుకు అడుగుతున్నాం? మన టేబుళ్ల దగ్గర ఆట సగానికి పైగా ఇంగ్లిష్‌లో నడుస్తుంది. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన కుర్రవాడు గాబ్లిన్‌తో బేరానికి దిగకముందే ఓడిపోతున్నాడు. రూల్ లేని చోట గెలిచేది గట్టి గొంతు. వచ్చే వారమూ అదే గొంతు. మిగతావాళ్లు యుద్ధం ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తూ కూర్చుంటారు, ఎందుకంటే యుద్ధంలో వంతుల రూల్ ఉంది. ‘ఆటగాళ్లకి యుద్ధమే ఇష్టం’ అని తేల్చేసేవాళ్లు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి. అక్కడ తమ వంతు తప్పకుండా వస్తుంది. వాళ్లకి అలాంటి హామీ ఇంకెక్కడిచ్చాం?

మాటల రూల్స్‌లో చెడ్డవీ ఉన్నాయి, ఒప్పుకోవాలి. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో డిప్లొమసీ అనే నైపుణ్యానికి అంకె బాగా పెంచుకుంటే చాలు, ఎవరేం మాట్లాడారన్నదానితో పని లేకుండా బద్ధశత్రువూ మెత్తబడేవాడు. అది చూసి విసుగెత్తినవాళ్లు మాటల రూల్స్ అన్నిటినీ కలిపి పారేశారు. యుద్ధం రూల్ ఒకటి బాగాలేకపోతే ఎవరూ యుద్ధాన్ని పారెయ్యరు, ఆ రూల్‌ని సరిచేస్తారు. అసలు మంచి రూల్ మన చేతిలోనే ఉంది. 2014 డంజన్ మాస్టర్స్ గైడ్ ఎనిమిదో అధ్యాయం తీసి చూడండి. ఎదుటి మనిషి మీపట్ల స్నేహంగా ఉన్నాడా, ఎటూ కాకుండా ఉన్నాడా, పగతో ఉన్నాడా అన్నది ముందు నిర్ణయించుకోవాలి. మాటల్లో అతని ఆదర్శం ఏమిటో, అతనికి ఎవరి మీద, దేని మీద మమకారమో, అతని బలహీనత ఏమిటో ఆటగాళ్లు కనిపెట్టాలి. దాన్ని పట్టుకుని మాట్లాడితే అతని వైఖరి ఒక మెట్టు మారుతుంది, తప్పుగా తగిలితే దిగజారుతుంది. ఆ తర్వాతే పాచిక. పగతో ఉన్నవాడి దగ్గర ఇరవై తెచ్చుకున్నా, తనకి నష్టం లేని మేరకే చేస్తాడు. స్నేహంగా ఉన్నవాడైతే అదే ఇరవైకి మీకోసం పెద్ద ప్రమాదానికీ సిద్ధపడతాడు. అంటే ఈ రూల్ గొంతుకి కాదు, వినే ఓపికకి ఫలితం ఇస్తోంది. మొహమాటపడే ఆ అమ్మాయి ఇందులో అందరికన్నా ముందుంటుంది. ఐదో ఎడిషన్ ఏళ్ల తరబడి ఆడుతూ ఈ పేజీలు తెరవని డంజన్ మాస్టర్లని నేను ఎంతోమందిని చూశాను. వాళ్లే నాతో ‘ఈ ఆటలో మాటలకి రూల్స్ లేవు’ అని వాదిస్తారు.

చర్చలు రక్తి కట్టవని తెలుగువాళ్లు అనడం మరీ అన్యాయం. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయములు’ ఆడుతుంటే పల్లెలకి పల్లెలు రాత్రంతా మేలుకుని కూర్చున్నది రాయబారం కోసం. ఒక్క బాణమూ ఎగరదు, పద్యం పద్యానికీ వన్స్‌మోర్. ఆ సభలో ఎవరేం కోరుతున్నారో, ఎంత వరకూ దిగుతారో, కాదంటే ఏం పోతుందో చూసేవాళ్లందరికీ తెలుసు గనకే అంత ఉత్కంఠ. లూక్ క్రేన్ రాసిన ‘బర్నింగ్ వీల్’ అనే ఇంకో ఆటలో ‘డ్యుయెల్ ఆఫ్ విట్స్’ అని వాదనకి ఒక పద్ధతి పెట్టారు. అది మొదట అడిగేదే ఇది: మీరు గెలిస్తే ఏం కావాలి, వాళ్లు గెలిస్తే ఏం కావాలి, స్పష్టంగా చెప్పండి. తర్వాత వాదన సాగేకొద్దీ ఇరువైపులా బలం తరిగిపోతుంది. గెలిచినవాడు కూడా తాను ఎంత పోగొట్టుకున్నాడో అంత మేరకి రాజీ ఇవ్వాలి. పూర్తి గెలుపు అరుదు. వాదన ముగిసేసరికి రెండు వైపులా ఏదో ఒకటి ఒప్పుకుని లేస్తారు, ఆ ఒప్పుకున్నదాంట్లోంచి తర్వాతి కథ పుడుతుంది.

ప్రయాణానికి జరిగిన అన్యాయం ఇంకో రకం. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఈ ఆటకి మూడు స్తంభాలని చెబుతుంది: అన్వేషణ, మనుషులతో వ్యవహారం, యుద్ధం. అన్వేషణ అంటే ప్రాణం పెట్టే ఆటగాడు రేంజర్‌ని ఎంచుకుంటాడు. అతనికి ఆ పుస్తకం ఏమిచ్చింది? అతనికి అలవాటైన రకం ప్రాంతంలో బృందం మంత్రం వల్ల తప్ప దారి తప్పదు. ముళ్లూ రాళ్లూ నడకని ఆపవు. తిండి వెతికితే రెండింతలు దొరుకుతుంది. ఇంకొకరు అవుట్‌లాండర్ నేపథ్యం తీసుకుంటే, ఆ నేల అనుకూలంగా ఉన్నంత వరకూ తనకీ ఇంకో ఐదుగురికీ రోజూ తిండీ నీళ్లూ సంపాదించేస్తాడు. గుడ్‌బెర్రీ అనే మొదటి స్థాయి మంత్రం పది పళ్లు పుట్టిస్తుంది, ఒక్కో పండుతో ఒక్కరికి ఒక రోజు తిండి తీరిపోతుంది. అడవిని ప్రేమించి వచ్చినవాడికి అడవి లేకుండా చేసి పంపించారు. యోధుణ్ని ఎంచుకున్నవాడికి ‘నీకు అలవాటైన శత్రువుల మీద గెలుపు ఖాయం, పాచిక వెయ్యక్కర్లేదు’ అని ఎవరైనా రాశారా? అతనికి ఇంకో దెబ్బ వేసే అవకాశం ఇచ్చారు, ఇంకా ఆడమన్నారు. రేంజర్‌కి మాత్రం ఆడక్కర్లేదు పొమ్మన్నారు.

లెక్కలు విసుగు అంటారు. హిట్ పాయింట్లు, ఆర్మర్ క్లాస్, స్పెల్ స్లాట్లు, ఐదడుగుల గడులు, ఆరు సెకన్ల రౌండ్లు, ఇవన్నీ లెక్కలు కావా? ముప్పై సెకన్ల పోరాటం తేలడానికి గంటసేపు లెక్కలు వేసేవాళ్లు, కాగడా పక్కన ఆరు గీతలు గీసుకోవడానికి బద్ధకిస్తారు.

గ్రెగ్ స్టాఫర్డ్ గురించి చెప్పకపోతే ఈ మొర పూర్తి కాదు. 1985లో ఆయన ‘పెండ్రాగన్’ రాశారు. ఆర్థర్ రాజు కాలపు నైట్‌ల ఆట. అందులో ప్రతి నైట్ షీట్ మీదా పదమూడు జంటలుంటాయి: దయకి క్రూరత్వం, నిజాయితీకి మోసం, క్షమకి పగ, అణకువకి గర్వం, ఇలా. ప్రతి జంట మొత్తం ఇరవై. దయ పెరిగితే క్రూరత్వం అంతే తగ్గాలి. ఏదైనా గుణం పదహారుకి చేరిందంటే లోకంలో దానికి పేరొచ్చినట్టు, ఆపైన సందర్భం వచ్చినప్పుడు ఆటగాడు పాచిక వెయ్యక తప్పదు. పడిపోయిన శత్రువు ప్రాణభిక్ష అడుగుతున్నాడు. చంపాలని ఆటగాడికి ఉంది. నైట్ దయ చేతులు పట్టుకుంటోంది. ఆ క్షణం ముందు, అంతకుముందు జరిగిన ద్వంద్వ యుద్ధం ఎంత? సాహసయాత్ర ముగిశాక ‘వింటర్ ఫేజ్’ వస్తుంది. ఆ ఏడాది మడిమాన్యాలు పండాయా, గుర్రం బతికిందా, పెళ్లయిందా, బిడ్డ పుట్టిందా, వయసు ఎంత బలం తీసుకుపోయింది అన్నవి అప్పుడు తేలతాయి. నైట్ ముసలివాడై పోతాడు, ఆటగాడు అతని కొడుకుగానో కూతురుగానో ఆట కొనసాగిస్తాడు. ఒక వంశం కథ నడపడానికి పాచికలూ పట్టికలూ చాలని స్టాఫర్డ్ చేసి చూపించారు. ఈ ఆట పేరు చెబితే మన కుర్రాళ్లలో ఎంతమంది తల ఊపుతారు?

ప్రయాణానికి విలువిచ్చిన ఆటలూ ఉన్నాయి. జపాన్‌లో అత్సుహిరో ఒకాడా రాసిన ‘రియూటామా’లో ఆడే పాత్రలు రైతులు, వర్తకులు, వైద్యులు, చేతిపనివాళ్లు. రోజూ పొద్దున్నే ఒంట్లో ఎలా ఉందో పాచిక వేసి చూసుకుని బయల్దేరతారు. నడకకీ, దిక్కు తెలుసుకోవడానికీ, రాత్రి గుడారం వేసుకోవడానికీ వేరే వేరే పాచికలు. టోల్కీన్ లోకంలో నడిచే ‘ది వన్ రింగ్’లో ప్రయాణమంటే నలుగురికి నాలుగు బాధ్యతలు, దారి చూపేవారు ఒకరు, ముందు వెళ్లి చూసొచ్చేవారు ఒకరు, కాపలా ఒకరు, వేట ఒకరు. ఎవరి పాచిక తప్పితే బృందమంతా దాని ఫలితం మోస్తుంది. దారి విసుగు కాదు, దారికి రూల్ లేకపోవడం విసుగు.

డంజన్ మాస్టర్లని నేను అడిగేది పెద్ద కోరిక కాదు. 1981 నాటి రూల్స్ దొరకవనుకోకండి, గావిన్ నార్మన్ ‘ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్’ పేరుతో వాటిని చక్కగా సర్ది మళ్లీ అచ్చు వేశారు. ఐదో ఎడిషన్ మానెయ్యమనడం లేదు. ఆ ఐదు వరుసల పట్టిక ఏ ఎడిషన్‌లోనైనా ఇముడుతుంది. ఎనిమిదో అధ్యాయం ఎలాగూ మీ అలమరలోనే ఉంది. వచ్చే సెషన్‌లో ఇనిషియేటివ్ అనేముందు రెండు పాచికలు వెయ్యండి, ఏ అంకె పడితే దాన్నే నిజాయితీగా పాటించండి.

ఇక కొత్త పుస్తకాలు రాసేవాళ్లకి. మోల్డ్‌వే పుస్తకంలో ప్రతి ప్రాణి వివరంలోనూ దాని ధైర్యం ఎంతో అంకె ఉంది. 2014 మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఆ అంకె లేదు. ధైర్యం రూల్‌ని డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఐచ్ఛికమని ఒక మూలకి తోసేశారు. ఇప్పుడు రాక్షసి పేరు కింద బలం, వేగం, కవచం, హిట్ పాయింట్లు, ఏ దెబ్బకి ఎన్ని పాచికలు అన్నీ ఉంటున్నాయి. ఆ వరుసలో ఇంకో రెండు గడులు కలపండి. అది ఎప్పుడు పారిపోతుంది? దానికి ఏం కావాలి? రంగుల బొమ్మకి సగం పేజీ ఇచ్చినవాళ్లకి ఈ రెండు గడులకి చోటు దొరకదంటే నేను నమ్మను.